డెబ్బై తొమ్మిది స్పూన్లు

పోస్టమ్మ కాటా ముందు కూర్చుందంటే ఇక ఆవిడ ఎవరి మాటా వినదు, కాటా మాటే వింటుంది. ముప్పై నాలుగేళ్లు తపాలా ఆఫీసు కిటికీ వెనక కూర్చుని పార్శిళ్లు తూచిన మనిషి. "పది గ్రాములే కదమ్మా, వదిలేయండి" అని బతిమాలిన వాళ్లని ఎంతమందిని చూసిందో! ఒక్కరికీ ఒక్క గ్రాము వదల్లేదు. రిటైరైన ఏడాది తన ఒంటిని తనే తూచుకుని గుండె గుభేలుమని, పట్టుబట్టి ఏడాదిన్నరలో ఇరవై రెండు కిలోలు దించింది. అప్పట్నుంచీ గురువారం సాయంత్రాలు గ్రంథాలయం మేడ మీద గదిలో తొమ్మిదిమందిని పోగేసి 'బరువు బడి' నడుపుతోంది. ముందు తను కాటా ఎక్కుతుంది. నాలుగేళ్లుగా అరవై ఒక్క కిలో, అంతే. తర్వాత ఒక్కొక్కరూ ఎక్కి, అంకె పైకి చదివి, వారంలో ఏమేం తిన్నారో రాసుకున్న పుస్తకం బల్ల మీద పెట్టాలి.

ఆ గురువారం గరిటక్క వంతు ఆఖరున వచ్చింది. ఎప్పుడూ ఆవిడే ఆఖరు. కుడి మోకాలు అరిగిపోయింది పాపం, మేడమెట్లు ఒక్కొక్కటే, రెండు పాదాలూ ఒకే మెట్టు మీద ఆన్చి ఊపిరి తీసుకుంటూ ఎక్కి వస్తుంది. ఆవిడ పెద్దాసుపత్రి వంటశాలలో పెద్ద వంటమనిషి. చేతిలో గరిటె లేకుండా ఆవిణ్ని చూసినవాళ్లు లేరు గనక ఆ పేరొచ్చింది.

"ఎనభై ఆరు కిలోల ఆరు వందలు," అని చదివింది గరిటక్క, గొంతు తగ్గించి.

"పోయిన వారం?"

"ఎనభై ఆరు కిలోల నాలుగు వందలండి."

"అంటే పెరిగింది."

"పెరిగిందండి."

పోస్టమ్మ పుస్తకం తెరిచింది. గుండ్రటి అక్షరాలు, ఒక్క కొట్టివేత లేదు. పొద్దున ఒక గుడ్డు, ఒక బ్రెడ్డు ముక్క. మధ్యాహ్నం కప్పు అన్నం, ఉడికించిన కూరగాయలు, కాస్త పెరుగు. రాత్రి సూపు, ఒక యాపిల్. ఏడు రోజులూ అదే వరస. ఎర్రపెన్నుతో కూడి, కింద గీత గీసి, కళ్లజోడు తీసి పక్కన పెట్టింది.

"ఈ తిండికి చిలకైనా చిక్కిపోతుంది. నువ్వు నాలుగు వారాలుగా కదలట్లేదు. కాటా అయినా తప్పవ్వాలి, పుస్తకమైనా తప్పవ్వాలి. కాటాని నేను ఇవాళ పొద్దున్నే సరిచూశాను."

"వంటింట్లో పనాయె," అన్నాడు టైలరు వెనక బెంచీలోంచి. పొట్ట తగ్గించుకోవడానికి చేరాడు గానీ నోరు తగ్గించుకోవాలని ఎవరూ చెప్పలేదు. "తేనె తీసేవాడు చెయ్యి నాకకుండా ఉంటాడా?"

అందరూ గొల్లుమన్నారు. పోస్టమ్మ కూడా నవ్వింది.

"నేను దొంగతిండి తినలేదండీ," అంది గరిటక్క. "తిన్నదల్లా రాశాను. కావాలంటే మా పిల్ల మీద ఒట్టు."

"పిల్లల్ని మధ్యలోకి లాగకు. రూలు నీకూ తెలుసు. కాటా, పుస్తకం మూడుసార్లు కలవకపోతే రెండు వారాలు బడికి రాకూడదు."

గరిటక్క కాటా దిగి చెప్పులు తొడుక్కుంది. ఆవిడకి ఆ రెండు వారాలే ఉన్నాయి. ఎనభై ఐదు కిలోల లోపుకి దిగితే తప్ప మోకాలికి కత్తి పెట్టనన్నాడు డాక్టరు. వచ్చే బుధవారం కాక ఆపై బుధవారం తూస్తాడు. అప్పటికి దిగకపోతే ఆ ఆపరేషను తేదీ ఇంకొకరికి పోతుంది, మళ్లీ వంతు వచ్చేసరికి ఏడాది. వంటశాల మేనేజరు అంతకాలం ఆగేటట్టు లేడు. నిలబడలేనప్పుడు పొయ్యి దగ్గర ఎందుకు, కిటికీలో కూర్చుని భోజనం టోకెన్లు చింపు అని అప్పుడే అనేశాడు. ఈ సంగతి బడిలో అందరికీ తెలుసు.

"పదమూడు రోజులండీ," అంది పుస్తకం సంచిలో పెట్టుకుంటూ. "పోనీ మీరే చెప్పండి, ఇంకేం మానెయ్యమంటారు? గుడ్డు మానెయ్యనా?"

"ముందు అబద్ధం మానెయ్యి."

అన్నాక పోస్టమ్మకే ఆ మాట కాస్త ఎక్కువైనట్టు అనిపించింది. కానీ నోరు జారాక వెనక్కి తీసుకునే అలవాటు ఆవిడకి లేదు. గరిటక్క సంచి తగిలించుకుని బయటికి నడిచింది. మెట్లు దిగుతున్న చప్పుడు చాలాసేపు వినిపించింది. ఒక్కో మెట్టుకి రెండు చప్పుళ్లు.

*

తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్లనే రకం పోస్టమ్మ. అలాగని వదిలేసే రకం కూడా కాదు. పార్శిలు మీద రాసిన బరువుకీ కాటా చూపించిన బరువుకీ పొత్తు కుదరకపోతే ఉద్యోగంలో ఉన్నప్పుడు ఆవిడకి అన్నం సయించేది కాదు. శుక్రవారమంతా ఆ గుండ్రటి అక్షరాలే కళ్లముందు ఆడాయి. అబద్ధం రాసేవాళ్లు ఎక్కడో ఒకచోట కొట్టేసి దిద్దుకుంటారు. ఈ పుస్తకంలో అది లేదు. 'చూద్దాం, రెడ్‌హ్యాండెడ్‌గా పట్టుకుంటే సరి' అనుకుని శనివారం ఉదయం ఆరింటికల్లా చిన్న కాటా ఒకటి చేతిసంచిలో వేసుకుని ఆసుపత్రి వంటశాలకి వెళ్లింది.

గరిటక్క ఆవిణ్ని చూసి ఆశ్చర్యపోయింది గానీ మొహం మాడ్చలేదు.

"రండి రండి. తలకి ఆ టోపీ పెట్టుకోండి. ఆ మూల స్టూలు మీద కూర్చోండి. పొయ్యిల దగ్గరికి మాత్రం రాకండి, ఆవిరి కొడుతుంది."

నాలుగు పొయ్యిలు, నాలుగు గుండిగలు. అన్నిటికంటే పెద్దది మామూలు రోగులది. దాని పక్కది షుగరు వాళ్లది. మూడోది నమల్లేని వాళ్లకి మెత్తగా ఉడికేది. నాలుగోది, అన్నిటికంటే చిన్నది, గుండె వార్డుదీ కిడ్నీ వార్డుదీ, ఉప్పు వెయ్యనిది. మూడువందల నలభైమందికి పదకొండున్నరకల్లా దించాలి. కూరగాయలు తరిగే పిన్ని ఒకామె, గిన్నెలు తోమే ఆమె ఒకామె, బరువులెత్తడానికి ఇద్దరు మనుషులు. మిగతాదంతా గరిటక్కే.

మెట్లెక్కడానికి అంత అవస్థపడే మనిషి ఇక్కడ ఎలా తిరుగుతోందో చూస్తే పోస్టమ్మకి నమ్మబుద్ధి కాలేదు. కుడికాలు కదపదు. ఎడమ కాలి మీద గిర్రున తిరిగి, నాలుగు పొయ్యిలూ చేతికందేలా మధ్యలో నిలబడుతుంది. ఉల్లిపాయ వేగే చప్పుడు మారిందంటే వెనక్కి చూడకుండానే మంట తగ్గిస్తుంది. మధ్యమధ్య డబ్బాలోంచి ఒక స్పూను తీస్తుంది, ముంచుతుంది, ఉఫ్ మని ఊది నోట్లో వేసుకుని కళ్లు మూసుకుంటుంది. స్పూను పక్కన తొట్టిలో పడేస్తుంది. టంగ్. చిటికెడు ఏదో జల్లుతుంది. మళ్లీ కొత్త స్పూను. టంగ్.

పోస్టమ్మ కాచుకుని కూర్చుంది. ఎనిమిదింటికి గరిటక్క ఒక గుడ్డు వలుచుకుని, ఒక బ్రెడ్డు ముక్కతో నిలబడే తినేసింది. పుస్తకంలో ఉన్నట్టే, పిసరు ఎక్కువ లేదు. వార్డుల కోసం వేయించిన కోడిమాంసం ముక్కలు పళ్లెం నిండా పక్కనే ఉన్నా కన్నెత్తి చూడలేదు. తొమ్మిదైంది, పదైంది. పోస్టమ్మకి విసుగొచ్చింది. దొంగ దొరకకపోతే పోలీసుకి ఎంత చిరాకో!

అప్పుడు గిన్నెలు తోమే ఆమె వచ్చి తొట్టి ఎత్తి సణిగింది. "ఒక్క నోటికి ఇన్ని స్పూన్లా తల్లీ! మూడోసారి తోమడం ఇది."

పోస్టమ్మ చెవులు నిక్కపొడుచుకున్నాయి. "ఇవన్నీ ఆవిడవేనా?"

"మరి నావా? నోట్లో పెట్టిన స్పూను మళ్లీ కుండలో పెట్టకూడదు, ఆసుపత్రి రూలు. ఒక్క రుచికి ఒక్క స్పూను."

పోస్టమ్మ స్టూలు మీంచి లేచింది. తోమి ఆరబెట్టినవి, తొట్టిలో ఉన్నవి, ఇంకా పడుతున్నవి, అన్నీ రిజిస్టరు ఉత్తరాలు కట్ట కట్టినట్టు ఐదేసి చొప్పున గీతలు పెట్టుకుంటూ లెక్కేసింది. వంట దించేసరికి డెబ్బై తొమ్మిది. గరిటక్క ముంచుకునేటట్టే ఒక స్పూను ముంచి ఇమ్మని, తన కాటా మీద పెట్టి చూసింది. పదమూడు గ్రాములు. హెచ్చవేసింది. నమ్మకం కుదరక మళ్లీ హెచ్చవేసింది. కిలో ఇరవై ఏడు గ్రాములు.

టిఫిన్ డబ్బా తెరవబోతున్న గరిటక్క ఎదురుగా వెళ్లి నిలబడింది.

"ఈ స్పూన్లు నీ పుస్తకంలో ఎందుకు లేవు?"

"ఏ స్పూన్లండీ?"

"పొద్దుటి నుంచి నోట్లో వేసుకున్నావే, అవి."

"ఓ, అవా!" గరిటక్క తేలిగ్గా చెయ్యి ఊపింది. "అది తిండి కాదండీ, రుచి చూడటం."

"నోట్లోకి వెళ్లిందా లేదా?"

"వెళ్లింది."

"గొంతు దిగిందా?"

"దిగి..." గరిటక్క ఆగిపోయింది. కాగితం మీద ఐదేసి గీతల్ని చూసింది. ఖాళీ అయిన స్పూన్ల డబ్బాని చూసింది. మెల్లగా బల్ల మీద కూలబడింది.

"తిండంటే కంచంలో పెట్టుకుని తినేది కదండీ," అంది, తనకి తనే చెప్పుకుంటున్నట్టు. "ఇది పని. ఇరవై ఏడేళ్లుగా పనేనండీ ఇది. ఓయమ్మో... పప్పులో కాలేశానండీ!" అని పకపకా నవ్వడం మొదలుపెట్టింది. నవ్వీ నవ్వీ కళ్లనీళ్లు వస్తే ఏప్రనుతో తుడుచుకుంది. "రోజుకో కిలో! నాకు ఆకలి వెయ్యట్లేదంటే డైటు పనిచేస్తోందనుకున్నాను!"

పోస్టమ్మకి నవ్వు రాలేదు. సిగ్గేసింది. ఒక్క అబద్ధం రాయని మనిషిని పదిమందిలో అబద్ధాలకోరును చేసింది. తప్పైపోయిందని అనాలి, అనలేదు. దానికి బదులు ఇంకో ప్రశ్న వచ్చింది.

"ఇందులో నలభై మూడు ఆ చిన్న గుండిగవే. ముప్పైమందికి సరిపోని కుండకి అన్ని రుచులెందుకు?"

"ఉప్పున్న కూరకి సగం వంట ఉప్పే చేసిపెడుతుందండీ. అది లేని చోట అంతా నేనే చెయ్యాలి." గరిటక్క ఇప్పుడు నవ్వట్లేదు. "ఆ వార్డుల వాళ్లకి అన్నీ మానెయ్యమని చెప్పేశారు. మిగిలింది ఆ గిన్నెడు సూపు. అది కూడా గడ్డిలా ఉంటే ఇంక దేనికోసం లేచి కూర్చుంటారు చెప్పండి?"

*

మర్నాటి నుంచి ఏం చెయ్యాలన్నది అంత సులువుగా తేలలేదు. చిన్న స్పూను వాడమంది పోస్టమ్మ. నాలుక కొసకి అంటితే ఉప్పు తెలుస్తుంది గానీ కూర తెలియదంది గరిటక్క. పోనీ ఉమ్మెయ్యమంది. రోగుల వంట దగ్గర ఉమ్మే ఆడదాన్నా నేను అని గరిటక్క కళ్లెర్రజేసింది. కూరగాయల పిన్నిని చూడమంటే, ఆవిడకి ఏది పెట్టినా అమృతమే. గిన్నెలామెకి జలుబు తగ్గిన రోజు లేదు.

"అయితే నేనొస్తాను," అంది పోస్టమ్మ. అన్నాక తన నోటివంక తనే అనుమానంగా చూసుకున్నంత పని చేసింది.

ఆదివారం చిన్న గుండిగ దగ్గర మొదటి స్పూను అందుకుంది.

"ఎలా ఉంది?"

"బాగుంది."

"బాగుందన్నది చుట్టాల మాటండీ. ఏం తక్కువైందో చెప్పండి."

 పోస్టమ్మ ఇంకో స్పూను తీసుకుంది. "ఎన్ని క్యాలరీలో చెప్పగలను."

"క్యాలరీలు కుండకేం తెలుస్తాయండీ?"

"సరిపోయింది. అన్నీ సరిపోయాయి. దించెయ్."

గరిటక్క ఆవిరి వాసన చూసి ఒక్క క్షణం తటపటాయించింది. చెయ్యి స్పూన్ల డబ్బా దాకా వెళ్లి వెనక్కొచ్చింది. దించేసింది.

ఒంటిగంటన్నరకి ట్రాలీ తోసే అతను గిన్నెలు తిరిగి తెచ్చాడు. ఇరవై ఆరు గిన్నెల్లో పద్నాలుగు సగం సగం మిగిలి ఉన్నాయి. "ఏంటక్కా ఇవాళ? తాతలందరూ మూతులు తిప్పుకున్నారు," అన్నాడు. గరిటక్క ఒక్కో గిన్నే వంచి, మిగిలింది బకెట్లో పోసింది. పోస్టమ్మ పక్కనే నిలబడి పద్నాలుగూ చూసింది.

"దింపాక నిమ్మరసం పడాల్సింది," అంది గరిటక్క. "నాకు వాసనకే అనుమానమొచ్చింది. మీరున్నారు కదా అని ఊరుకున్నాను."

తిట్టినా బాగుండేది. ఆ సాయంత్రం పోస్టమ్మ తన కంచం ముందు కూర్చుంది. ఉడికించిన క్యాబేజీ, దోసకాయ ముక్కలు, నాలుగు స్పూన్ల అన్నం. నాలుగేళ్లుగా అదే కంచం. ఉత్తరాల మీద ముద్ర కొట్టినట్టు చకచకా తినేసి లేచిపోతుంది. ఇవాళ ఒక ముక్క నోట్లో పెట్టుకుని ఆపింది. క్యాబేజీ రుచి ఎలా ఉంటుందో చెప్పమంటే తను చెప్పలేదు. ఇరవై రెండు కిలోలతో పాటు ఇంకేదో కూడా దించేసుకున్నానని మొదటిసారి తెలిసింది ఆవిడకి, భయం వేసింది.

సోమవారం మళ్లీ వెళ్లింది. గరిటక్క ఏమీ జరగనట్టే స్పూను అందించింది.

"మింగకండి. నాలుక మీద ఆపండి. ముందు ఎక్కడ తగిలింది?"

"నాలుక కొసకి. తియ్యగా."

"అది క్యారెట్టు. పక్కల్లో?"

"కొంచెం పులుపు."

"టమాటా. వెనక?"

"వెనక ఏమీ లేదు. ఖాళీ."

"హమ్మయ్య! అదే లోటు," అని గరిటక్క మాడే అంచుదాకా వేయించిన వెల్లుల్లిని చిదిమి వేసింది. "ఇప్పుడు?"

పోస్టమ్మ కళ్లు మూసుకుంది. వెనక ఉన్న ఖాళీ నిండింది. అంత చిన్న సంగతికి ఆవిడకి ఒళ్లు జలదరించింది. ఆ రోజు సగం మిగిలిన గిన్నెలు తొమ్మిదే వచ్చాయి. మంగళవారం ఆరు. అయినా గరిటక్క ప్రతి గిన్నె దగ్గరా ఆగి, ఇది ఎవరిదై ఉంటుంది, ఏం నచ్చలేదు అని ట్రాలీ అతన్ని అడుగుతూనే ఉంది.

గరిటక్క అవస్థ వేరే. చెయ్యి దానంతట అది డబ్బా వైపు వెళ్లిపోయేది. లవంగం ఒకటి దవడన పెట్టుకుంది, నోరు ఊరుకుంటుందని. పది దాటాక ఆకలి వేసేది. ఆవిడ ఒంటికి ఆ ఆకలి కొత్త. మధ్యాహ్నం పోస్టమ్మ ఆవిణ్ని బలవంతాన కుర్చీలో కూర్చోబెట్టి, ఉప్పులేని సూపే ఒక గిన్నెడు, కప్పు అన్నం, తూచి ముందు పెట్టేది.

"ఇరవై ఏడేళ్లలో నా వంట నేను కూర్చుని తినడం ఇదే మొదలండీ," అంది గరిటక్క రెండో రోజు. ఒక్కో గుక్కా ఆపి ఆపి తాగింది. "పర్లేదండోయ్, బానే వండుతాను నేను!" అని మురిసిపోయింది. అడుగున మిగిలింది బ్రెడ్డు ముక్కతో తుడిచి, ఆ ముక్కని కూడా పుస్తకంలో రాసింది. చిన్నపిల్లలా అంత ఇష్టంగా తినే మనిషిని చూసి ఎన్నాళ్లైందో పోస్టమ్మకి. తన గిన్నెలో సూపు కూడా ఆవిడ నెమ్మదిగా తాగడం మొదలుపెట్టింది.

మధ్యలో గురువారం వచ్చింది. బడిలో పోస్టమ్మ బల్ల సర్ది, పుస్తకాలు పేర్చి, "టైమవుతోంది, ముందు మీరు ఎక్కండి," అంది. తను ఎక్కలేదు. పొద్దున ఇంట్లో చూసుకుంది మరి. అరవై ఒక్క కిలోల నాలుగు వందలు.

"గరిటక్క దొంగతనం పట్టారటగా?" అన్నాడు టైలరు.

అప్పుడే చెప్పేయాలి. ఎనిమిది జతల కళ్లు తనవైపే ఉన్నాయి. పోస్టమ్మ ఎర్రపెన్ను మూత తీసింది. "తర్వాత మాట్లాడదాం, నువ్వు కాటా ఎక్కు," అంది. ఇంటికెళ్లే దారంతా తనని తను తిట్టుకుంటూనే ఉంది. ఊళ్లో ఎవరికీ పది గ్రాములు వదలని మనిషి తనకి తాను నాలుగు వందల గ్రాములు వదిలేసుకుంది. నీకంటే ఆ వంటమనిషి నయం, నిజం తెలియగానే నవ్వి ఒప్పుకుంది అనుకుంది.

ఆపై సోమవారం నాటికి పని చేతికొచ్చింది. చిన్న గుండిగ దించడానికి ఇద్దరు మనుషులూ గుడ్డలు పట్టుకుని వంగారు. పోస్టమ్మ స్పూను నోట్లో పెట్టుకుని, ఎవరూ అడక్కుండానే చెయ్యి అడ్డం పెట్టింది.

"ఆగండి. ఉల్లిపాయ తొందరపడింది. గొంతులో పచ్చివాసన తగులుతోంది."

గరిటక్క ఆవిడ మొహంలోకి చూసింది. గుండిగ వైపు చూడనే లేదు. "ఎన్ని నిమిషాలు?"

"రెండు... కాదు, మూడు. ఆపైన నిమ్మ. కొంచెం మిరియం."

"కానివ్వండి," అంది గరిటక్క మనుషులతో.

ఆ మధ్యాహ్నం ఇరవై ఆరు గిన్నెల్లో ఇరవై ఐదు తుడిచినట్టు ఖాళీగా వచ్చాయి. ఇరవై ఆరోది రాలేదు. మూడో మంచం తాత ఇంకాస్త కావాలని పట్టుకుని కూర్చున్నాడట. గరిటక్క గుండిగ అడుగు గీకి గరిటెడు పంపించింది.

"నీ నాలుక పదునెక్కింది అక్కా," అంది. 'మీరు', 'అండీ' రెండూ ఎప్పుడు జారిపోయాయో ఇద్దరూ గమనించలేదు.

*

బుధవారం డాక్టరు గది బయట పోస్టమ్మ తోడు కూర్చుంది. పిలుపు రాగానే గరిటక్క లేచింది. బడిలో జేబులో రుమాలుందని సాకు చెప్పినా ఒప్పుకోని పోస్టమ్మ, ఆవిణ్ని గుమ్మం దగ్గర ఆపి జడపిన్నులు, చేతిగడియారం, దుద్దులు అన్నీ తీయించి తన ఒళ్లో పెట్టుకుంది. "అవి పది గ్రాములు కూడా ఉండవక్కా," అంటే, "పది గ్రాముల విలువ నాకు చెబుతావా, నడు," అంది.

నర్సు కాటా మీద అంకె కాసేపు ఊగిసలాడింది. ఎనభై ఐదు. ఎనభై ఐదూ వంద.  "ఊపిరి వదిలి కదలకుండా నిలబడండమ్మా," అంది నర్సు. ఎనభై నాలుగు కిలోల తొమ్మిది వందల దగ్గర ఆగింది. నర్సు చీటీ మీద రాసి, సోమవారం పొద్దున్నే ఖాళీ కడుపుతో రమ్మంది. గరిటక్క ఏడవలేదు గానీ బయటికొచ్చాక దుద్దులు ఏ చెవికి ఏది పెట్టుకోవాలో తెలియక చాలాసేపు చేతిలో పట్టుకుని నిలబడింది. పోస్టమ్మే పెట్టింది. అక్కణ్నుంచి ఇద్దరూ తిన్నగా మేనేజరు దగ్గరికెళ్లి ఆ చీటీ బల్ల మీద పెట్టారు. టోకెన్ల కిటికీకి వేరే మనిషిని చూసుకుంటానన్నాడు ఆయన.

మర్నాడు గురువారం. మేడ మీద గది నిండింది. గరిటక్క మెట్లెక్కి వచ్చేదాకా ఆగమని పోస్టమ్మ ఎవర్నీ కాటా దగ్గరికి రానివ్వలేదు. ఆవిడ వచ్చి కూర్చుని ఊపిరి పీల్చుకున్నాక, పోస్టమ్మ చెప్పులు విప్పి తను కాటా ఎక్కింది.

"అరవై ఒక్క కిలోల తొమ్మిది వందలు," అని గట్టిగా చదివింది.

గదిలో గుసగుసలు ఆగిపోయాయి.  పోస్టమ్మ తన పుస్తకం తీసి టైలరు చేతిలోనే పెట్టింది.

"చదువు. అందరికీ వినపడేట్టు."

"ఆదివారం, అరవై ఎనిమిది స్పూన్లు," అని చదివాడు టైలరు అర్థంకాక. "సోమవారం, డెబ్బై నాలుగు. మంగళవారం, డెబ్బై ఒకటి... ఏంటండీ ఇవి?"

"రెండు వారాల కిందట ఈవిడ అబద్ధం రాసిందని ఇక్కడే అన్నాను," అంది పోస్టమ్మ. కాటా మీంచి దిగలేదు. "అబద్ధం కాదు. వంట చేస్తూ రుచి చూసిందంతా ఆవిడకి పని, తిండి కాదు. అందుకే రాయలేదు. ఉప్పు తినకూడని రోగుల కోసం రోజూ కిలో కూర రుచి చూసి, ఆ కిలో మోకాలి మీద మోసింది. కనుక్కోకుండా మాట అన్నది నేను. నిజం తెలిశాక కూడా పోయిన గురువారం మీ ముందు నోరు మెదపనిది నేను. పదకొండు రోజులు ఆవిడ నాలుక పని నేను చేశాను, అదే ఈ తొమ్మిది వందల గ్రాములు. తప్పైపోయింది, గరిటక్కా. అందరిలో అన్నాను కాబట్టి అందరిలో చెబుతున్నాను."

 టైలరు తలవంచుకుని పుస్తకం మూశాడు. గరిటక్క బెంచీ మీద చెయ్యి ఆనించి లేచింది. ఒక్కో అడుగూ వేసుకుంటూ కాటా దాకా వచ్చి, కళ్లు చికిలించి అంకె చూసింది.

"ఆ తొమ్మిది వందలూ నావే అక్కా," అంది. "మోకాలు బాగయ్యాక వచ్చి పట్టుకెళ్తాను."

"ఇవ్వను," అంది పోస్టమ్మ. "నాలుగేళ్లలో నాకు రుచి తెలిసి తిన్నవి అవే."